రైఫిల్ స్కోప్‌కి ఎంత పవర్ కావాలి? పెద్ద జంతువుల వేటకి వెళ్లేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్తగా లైసెన్సు తీసుకుని మొదటి సీజన్‌కి సిద్ధమయ్యేవాళ్లు నన్ను రైఫిల్ గురించి అడిగేది తక్కువ, స్కోప్ గురించి, అంటే రైఫిల్ మీద బిగించి గురి చూసే దుర్బిణి గురించి, అడిగేది ఎక్కువ. అది కూడా "ఎంత పెద్దది తీసుకోవాలి" అనే అడుగుతారు. అవే సందేహాలకి అవే జవాబులు చెప్పీ చెప్పీ, ఇక రాసి పెట్టడమే నయమనిపించింది. నా పక్షపాతం ముందే చెప్పేస్తాను. చాలామంది పై అంకె, అంటే అన్నిటికంటే ఎక్కువ పవర్, చూసి స్కోప్ కొంటారు, కింది అంకె, అంటే అన్నిటికంటే తక్కువ పవర్, దగ్గర వేట పోగొట్టుకుంటారు. ఏ ప్రశ్న కావాలంటే అది విడిగా చదువుకోవచ్చు. ఇదంతా లైసెన్సుతో, చట్టం ఒప్పుకునే చోట్ల జరిగే వేట గురించే.

## కొనే ముందు

స్కోప్ మీద 3-9×40 అని ఉంది. ఆ అంకెలకి అర్థం ఏంటి?

మొదటి రెండు అంకెలు పవర్. రింగు తిప్పితే 3 నుంచి 9 దాకా ఎంత కావాలంటే అంత పెట్టుకోవచ్చు. చివరి 40 అనేది ముందు అద్దం వ్యాసం, మిల్లీమీటర్లలో. ఇక పవర్ అంటే ఏమిటో ఇలా అనుకోండి: 4 పవర్ పెట్టి 400 గజాల దూరంలో ఉన్న దుప్పిని చూస్తే, అది మామూలు కంటికి 100 గజాల్లో ఎంత కనిపిస్తుందో అంత కనిపిస్తుంది. దూరాన్ని పవర్‌తో భాగించండి, అంతే. "×" ముందు ఒకే అంకె ఉంటే, ఉదాహరణకి 4×32, అది ఫిక్స్‌డ్ పవర్. అందులో తిప్పడానికి రింగు ఉండదు.

అంత లెక్క వద్దు. ఒక్క ముక్కలో ఏది కొనమంటారు?

జింకలు, ఎల్క్ (పెద్ద జింక జాతి), అడవిపంది, నల్ల ఎలుగు లాంటివాటికి, 300 గజాల లోపు అయితే, 3-9×40 గానీ 2-10 దరిదాపుల్లో ఉన్నది గానీ కొనండి. పదిమందిలో ఎనిమిదిమందికి చాలు. మిగతా ఇద్దరు తమ సంగతి తమకి తెలిసినవాళ్లే, వాళ్లు నన్ను అడగరు.

ఎక్కువ పవర్ ఉంటే తప్పేముంది? అక్కర్లేనప్పుడు తగ్గించుకోవచ్చు కదా?

నేనూ ఇలాగే వాదించినవాణ్నే. తగ్గించుకోవచ్చు, నిజమే, కానీ ఎంత దాకా? 6-24 స్కోప్‌ని పూర్తిగా తగ్గించినా 6 దగ్గర ఆగిపోతుంది. పైగా తగ్గించాలన్న సంగతి ఆ క్షణంలో గుర్తుండాలి.

ఒకసారి పొద్దున్నే రేంజిలో, అంటే కాల్పుల సాధన చేసే చోట, 9 మీద పెట్టి చూసుకుని, అలాగే మర్చిపోయి అడవిలోకి నడిచాను. పాతిక గజాల్లో ఒక మగ దుప్పి ఫిర్ చెట్ల మధ్యనుంచి బయటికొచ్చి నిలబడింది. రైఫిల్ ఎత్తి చూస్తే స్కోప్ నిండా గోధుమరంగు వెంట్రుకలు. అది భుజమా, పొట్టా, తొడా తెలియలేదు. కొద్దిగా అటు జరిపితే ఆకులు, ఇటు జరిపితే మళ్లీ వెంట్రుకలు. నేను రింగు కోసం తడుముకునేలోపు అది రెండు గెంతుల్లో మాయమైంది.

లెక్క చూడండి. సాధారణ 3-9 స్కోప్‌లో 3 పవర్ దగ్గర 100 గజాల్లో 33 అడుగుల వెడల్పు దాకా కనిపిస్తుంది. 9 దగ్గర అది 12 అడుగుల దరిదాపుల్లోకి పడిపోతుంది. అదే 20 గజాల్లో అయితే 9 పవర్‌లో మీకు కనిపించేది రెండున్నర అడుగుల ముక్క. మగ ఎల్క్ ముక్కు నుంచి తోక దాకా 8 అడుగులు ఉంటుంది. అందులో ఏ రెండున్నర అడుగులు చూస్తున్నారో మీకెలా తెలుస్తుంది?

ఇంకో చిక్కు, పవర్ పెరిగితే మీ వణుకు కూడా అంతే పెరిగి కనిపిస్తుంది. కొండెక్కి రొప్పుతూ 16 పవర్ పెట్టి చూస్తే క్రాస్‌హెయిర్ (గురి చూసే అడ్డు, నిలువు గీతలు) డాన్స్ చేస్తుంది. చెయ్యి వణికేది అంతే, కనిపించేది ఎక్కువ. కానీ అది చూసి టెన్షన్ పడి ట్రిగ్గర్‌ని గుంజేస్తాం, గుండు ఎటో పోతుంది. ఎండ వేళ నేల మీంచి లేచే వేడిసెగ కూడా ఎక్కువ పవర్‌లో నీళ్లలా కదులుతూ బొమ్మని చెడగొడుతుంది. బరువు సంగతి వేరే చెప్పాలా? 3-9×40 సుమారు 350 నుంచి 400 గ్రాములు తూగుతుంది. 5-25×56 లాంటిది దానికి రెట్టింపు దాటుతుంది. రోజంతా భుజాన మోసేది మీరే.

300 గజాల్లో కొట్టాలంటే 9 పవర్ సరిపోతుందా?

బాగా సరిపోతుంది. 300ని 9తో భాగిస్తే 33. అంటే జింక మామూలు కంటికి 33 గజాల్లో ఉన్నంత పెద్దగా కనిపిస్తుంది. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు 8 అంగుళాల పళ్లెం అనుకోండి. 33 గజాల్లో ఉన్న పళ్లెం కనిపించదా? నిజానికి 6 పవర్‌తో కూడా పని అవుతుంది.

ఆ దూరంలో గురి తప్పడానికి కారణం పవర్ చాలకపోవడం అయ్యేది చాలా అరుదు. దూరం తప్పుగా అంచనా వేయడం, గాలి, సరైన ఆసరా లేకపోవడం, ఈ మూడే ఎక్కువ. .270 విన్‌చెస్టర్ అనే తూటాలో 130 గ్రెయిన్ల (గుండు బరువు కొలత) గుండుని 200 గజాలకి జీరో చేసుకుంటే, అంటే ఆ దూరంలో గురిపెట్టిన చోటే పడేలా సరిచేసుకుంటే, 300 దగ్గర సుమారు 6, 7 అంగుళాలు దిగుతుంది. ఆ దిగుడు తెలియనివాడికి 20 పవర్ ఇచ్చినా లాభం లేదు. పెద్ద స్కోప్‌కి పెట్టే డబ్బులో కొంత దూరం కొలిచే రేంజ్‌ఫైండర్‌కి, ఇంకొంత తూటాలకి పెట్టి సాధన చేయండి.

ఫిక్స్‌డ్ 4 పవర్ ఇంకా పనికొస్తుందా, లేక పాతబడిపోయిందా?

గత శతాబ్దం మధ్యలో వేటగాళ్లకి అదే మామూలు స్కోప్. వీవర్ కె4 లాంటివి లెక్కలేనన్ని రైఫిళ్ల మీద ఉండేవి, వాటితో ఎల్క్‌లూ, ఇంకా పెద్ద జింకలైన మూస్‌లూ బోలెడు కూలాయి. లోపల కదిలే అద్దాలు తక్కువ, అందుకే గట్టిగా, తేలిగ్గా ఉంటుంది. 9 మీద మర్చిపోయే గొడవే లేదు. ఇంట్లో మంచిది ఉంటే ధైర్యంగా వాడండి. కొత్తగా కొనేవాళ్లకి మాత్రం ఫిక్స్‌డ్ స్కోప్‌లు వెతికినా ఇప్పుడు తక్కువే దొరుకుతాయి.

2-16, 3-18 లాంటి పెద్ద జూమ్ ఉన్నవి కొంటే అన్నిటికీ ఒకటే సరిపోదా?

బాగా చేసినవైతే సరిపోతాయి, దానికి తగ్గట్టే డబ్బూ ఎక్కువ, బరువూ ఎక్కువ. తక్కువ డబ్బులో పెద్ద జూమ్ ఇస్తున్నారంటే ఎక్కడో కోత పెట్టారనే అర్థం. సాధారణంగా ఆ కోత అద్దంలోనే పడుతుంది. పై పవర్‌లో అంచులు మసకగా, బొమ్మ చీకటిగా ఉండి ఆ చివరి నాలుగైదు అంకెలు వాడబుద్ధే కాదు. అదే డబ్బుకి చిన్న జూమ్, మంచి గాజు తీసుకోమంటాను.

## ఎక్కడ, ఏ జంతువు?

దట్టమైన అడవిలో 100 గజాలు కూడా కనిపించదు. అక్కడ ఎంత పవర్?

కింది అంకె 1 గానీ 2 గానీ ఉండాలి. 1-4, 1-6, 1.5-5, 2-7, ఇవన్నీ ఆ పనికే పుట్టాయి. నిజమైన 1 పవర్‌లో రెండు కళ్లూ తెరిచి చూస్తే స్కోప్ ఉన్నట్టే అనిపించదు, క్రాస్‌హెయిర్ గాల్లో తేలుతున్నట్టు ఉంటుంది. పరుగెత్తే అడవిపందిని అలాగే పట్టుకోవాలి. యూరప్‌లో మనుషులు పందుల్ని తరుముకొచ్చే వేటల్లో 1-6×24 లాంటివి ఎక్కువగా కనిపించేది అందుకే.

కొండలు, బయలు మైదానాల్లో అయితే?

ప్రాంగ్‌హార్న్, మ్యూల్ డీర్ (అమెరికా మైదానాల్లో, కొండల్లో తిరిగే జింకలాంటి జంతువులు), కొండగొర్రెల వేటలో 300, 400 గజాల షాట్లు మామూలే. ఇక్కడ పై అంకె 12, 15 ఉంటే అక్కరకొస్తుంది, కాదనను. 3-12, 3-15, 4-16, వీటిలో ఏదైనా సరే. బోర్లా పడుకుని, బ్యాగు మీద రైఫిల్ ఆనించి, ఊపిరి కుదుటపడేదాకా ఆగేంత తీరిక ఉన్నప్పుడే ఆ పై పవర్ పనికొస్తుంది. కింద మాత్రం 4 దాటకుండా చూసుకోండి. కొండమీద కూడా మలుపు తిరగ్గానే జంతువు ముప్పై గజాల్లో ఎదురుపడుతుంది.

ఎల్క్, మూస్ ఇంత పెద్ద జంతువులు కదా, తక్కువ పవర్ చాలా?

చాలు. జింకకి 8 అంగుళాలు అనుకున్న చోటు వీటికి అడుగు దాటుతుంది. జంతువు పెద్దదయ్యేకొద్దీ ఎక్కువ పవర్ కావాలని చాలామంది పొరబడతారు, "పెద్ద వేట" అన్న మాటే అలా మోసం చేస్తుందనుకుంటా. పవర్‌ని నిర్ణయించేవి దూరం, చెట్ల చిక్కదనం. జంతువు బరువుని బట్టి మారాల్సింది క్యాలిబర్, గుండు.

ఆఫ్రికాలో కేప్ బఫెలోకి వెళ్తున్నాను. స్కోప్ అసలు కావాలా?

కావాలి. మందలో ఏది ముసలి మగదో, దాని వెనక ఇంకొకటి నిలబడి ఉందో లేదో నీడలో ఐరన్ సైట్స్‌తో, అంటే బ్యారెల్ మీదుండే అద్దాల్లేని మామూలు గురి గుర్తులతో, తేల్చుకోవడం కష్టం. 1-4 లేదా 1-6 పెట్టండి. షాట్లు ఎక్కువగా 100 గజాల లోపే ఉంటాయి. అక్కడ వాడే .375 హెచ్ అండ్ హెచ్ అనే పెద్ద తూటా, దానికి పైవాటి తన్ను మామూలుగా ఉండదు. కాబట్టి పవర్ కంటే ముందు ఐ రిలీఫ్ చూడాలి, అంటే కంటికీ వెనక అద్దానికీ మధ్య ఉండాల్సిన దూరం. అది నాలుగు అంగుళాల దాకా ఉన్నది వెతకండి. చేత్తో తిప్పగానే ఊడొచ్చే మౌంట్ మీద బిగిస్తే, అవసరమైతే స్కోప్ తీసేసి ఐరన్ సైట్స్‌కి మారొచ్చు.

మచాన్ మీద కూర్చుని చీకటి పడేవేళ వేటాడతాను. దానికి వేరే లెక్కా?

వేరే లెక్కే. మధ్య యూరప్‌లో వెన్నెల్లో అడవిపందుల కోసం ఎత్తైన మంచెల మీద కూర్చునేవాళ్లు ఫిక్స్‌డ్ 8×56ని తరాలుగా వాడుతున్నారు. మీరు ఒక చోట కూర్చునే ఉంటారు, రైఫిల్‌కి ఆసరా ఉంటుంది, జంతువు ఎక్కడికి వస్తుందో దూరం ముందే తెలుసు. నడిచి వేటాడేవాడికి భారమనిపించే పెద్ద అద్దం మీకు వరం. క్రాస్‌హెయిర్ మధ్యలో వెలిగే చుక్క ఉన్నది తీసుకోండి, వెలుతురు బాగా తగ్గించుకునే వీలుండాలి. చుక్క మరీ మెరిస్తే జంతువే కనిపించదు.

## అద్దం, వెలుతురు

ముందు అద్దం 50 మి.మీ. ఉంటే 40 కంటే వెలుతురు ఎక్కువ వస్తుందా?

పవర్‌ని బట్టి ఉంటుంది. ఇది మాటల్లో కంటే చేసి చూస్తే బాగా తెలుస్తుంది. రైఫిల్‌కి బిగించని స్కోప్‌ని చేయి చాపి పట్టుకుని, వెలుతురున్న గోడవైపు తిప్పి వెనక అద్దంలోకి చూడండి. మధ్యలో తెల్లగా ఒక గుండ్రటి చుక్క కనిపిస్తుంది. 3 పవర్‌లో పెద్ద బిళ్లంత ఉంటుంది. రింగుని 9 వైపు తిప్పుతుంటే అది చిక్కిపోతూ బఠాణీ గింజ అంతవుతుంది. ఆ చుక్కే స్కోప్ మీ కంటికిచ్చే వెలుతురు కట్ట. దాని పేరు ఎగ్జిట్ ప్యూపిల్.

ముందు అద్దాన్ని పవర్‌తో భాగిస్తే అది ఎంతో వస్తుంది. 40ని 9తో భాగిస్తే 4.4 మిల్లీమీటర్లు. 50ని 9తో భాగిస్తే 5.6. పడుచువాళ్ల కంటిపాప చీకట్లో 7 మిల్లీమీటర్ల దాకా తెరుచుకుంటుంది, వయసు మీదపడితే 5 దగ్గరే ఆగిపోవచ్చు. మీ కంటిపాప కంటే పెద్ద కట్ట వచ్చినా మిగిలింది వృథా. 5 పవర్‌లో 40 మి.మీ. అద్దం 8 మిల్లీమీటర్ల కట్ట ఇస్తుంది, అది ఎవరి కంటికైనా ఎక్కువే. అంటే ఆ పవర్‌లో 50 అద్దం వల్ల ఒరిగేదేమీ లేదు. పైగా పెద్ద అద్దం ఉంటే స్కోప్‌ని ఎత్తుగా బిగించాలి, చెంప స్టాక్ మీద సరిగా ఆనదు.

30 మి.మీ. ట్యూబ్ ఉంటే ఎక్కువ వెలుతురు వస్తుందని చెప్పారు. నిజమేనా?

కాదు. లావు ట్యూబ్ వల్ల ముఖ్యంగా వచ్చేది లోపల క్రాస్‌హెయిర్‌ని పైకీ కిందికీ జరుపుకునే చోటు, కొంత దృఢత్వం. వెలుతురు సంగతి తేల్చేవి గాజు నాణ్యత, దాని మీది పూత. పూత లేని ప్రతి గాజు ముఖమూ సుమారు 4 శాతం వెలుతురుని వెనక్కి కొట్టేస్తుంది. స్కోప్‌లో అలాంటి ముఖాలు పది దాటుతాయి, గుణించుకోండి. 1935లో జైస్ కంపెనీలో అలెగ్జాండర్ స్మకులా ఈ ప్రతిబింబాన్ని తగ్గించే పూత కనిపెట్టాక కథ మారింది. మీ స్కోప్ మీద "ఫుల్లీ మల్టీ కోటెడ్" అని ఉందో లేదో చూడండి, ట్యూబ్ లావు తర్వాత చూసుకోవచ్చు.

సూర్యుడు దిగాక స్కోప్‌లో బొమ్మ చీకటైపోతోంది. ఏం చేయాలి?

పవర్ తగ్గించండి. 40 మి.మీ. అద్దానికి 9 నుంచి 6కి దిగితే కంటికొచ్చే కట్ట 4.4 నుంచి 6.7 మిల్లీమీటర్లకి పెరుగుతుంది, తేడా వెంటనే తెలుస్తుంది. మరీ 3కి దించేస్తే ప్రయోజనం లేదు, జంతువు చిన్నదైపోయి వివరాలు పోతాయి. 5, 6 మధ్య ఆపండి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో జింకల వేటని సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా అనుమతిస్తారు. ఆ అరగంటకి మంచి గాజున్న 3-9 చాలు.

ఫస్ట్ ఫోకల్ ప్లేన్, సెకండ్ ఫోకల్ ప్లేన్, వేటకి ఏది?

సెకండ్‌లో పవర్ ఎంత మార్చినా క్రాస్‌హెయిర్ మందం మారదు. ఫస్ట్‌లో బొమ్మతోపాటే పెరిగి తరుగుతుంది. మామూలు వేటకి నేను సెకండ్ అంటాను. తక్కువ పవర్‌లో, చెట్ల నీడలో ఫస్ట్ ఫోకల్ క్రాస్‌హెయిర్ దారప్పోగులా సన్నబడి కనిపించకుండా పోతుంది. అదీ సరిగ్గా మీకు తొందరగా కొట్టాల్సిన సమయంలో.

సెకండ్‌తో ఉన్న మెలిక ఒక్కటే. కింద దూరాల కోసం గీసిన గుర్తులు ఒకే పవర్‌లో నిజం చెబుతాయి, మామూలుగా అది అన్నిటికంటే పై పవర్. 9 దగ్గర 2 ఎం.ఓ.ఏ. (గురి తేడాని కొలిచే చిన్న కోణం) విలువున్న గుర్తు 4.5 దగ్గర 4 అవుతుంది, 3 దగ్గర 6 అవుతుంది. 300 గజాల్లో ఎం.ఓ.ఏ. అంటే సుమారు 3 అంగుళాలు. కాబట్టి పవర్ చూసుకోకుండా గుర్తుతో కొడితే అడుగు తేడా వచ్చినా ఆశ్చర్యం లేదు. ఆ గుర్తులు వాడేటప్పుడు రింగు చివరిదాకా తిప్పారో లేదో చూసుకోండి.

పారలాక్స్ సర్దుబాటు ఉన్నది తప్పకుండా కావాలా?

పారలాక్స్ అంటే కన్ను కాస్త పక్కకి జరిగితే క్రాస్‌హెయిర్ కూడా గురి మీంచి జరిగినట్టు కనిపించడం. 9, 10 పవర్ దాకా దాని సర్దుబాటు అక్కర్లేదు. వేట స్కోప్‌లు చాలావరకు 100 గజాలకో 150 గజాలకో సరిచేసి వస్తాయి. కన్ను మధ్యలో ఉంచి చూస్తే 300 దగ్గర కూడా వచ్చే తప్పు జింకకి లెక్కలోకి రాదు. 12 దాటితే దాన్ని సరిచేసే గుండీ పక్కన ఉన్నది మంచిది.

## బిగించడం, జీరో చేయడం

రైఫిల్ తన్నినప్పుడు స్కోప్ కనుబొమకి తగిలి చీరుకుపోయింది. తప్పెక్కడ?

ఎక్కువసార్లు బిగించడంలోనే. చాలా స్కోప్‌లలో పవర్ పెంచితే ఐ రిలీఫ్ తగ్గుతుంది. 3 దగ్గర హాయిగా కనిపించిందని బిగించేస్తే, 9 దగ్గర బొమ్మ అంచులు నల్లబడి, తెలియకుండానే తల ముందుకి జరుపుతారు. ఇక తన్నుడు నేరుగా కనుబొమకే. అందుకే పై పవర్ పెట్టి బిగించాలి. ముందు రైఫిల్ ఖాళీగా ఉందో లేదో చూసుకోండి. కళ్లు మూసుకుని రైఫిల్‌ని భుజానికెత్తి, చెంప ఆనించి, అప్పుడు కళ్లు తెరవండి. తల జరపకుండా బొమ్మ నిండుగా కనిపించేదాకా స్కోప్‌ని ముందుకో వెనక్కో జరపండి. వేటకి వేసుకునే లావు కోటు తొడుక్కునే ఈ పని చేయండి. బోర్లా పడుకున్నప్పుడు, కొండ పైకి గురిపెట్టినప్పుడు కన్ను ఇంకా దగ్గరికొస్తుంది, ఆ రెండు భంగిమల్లోనూ చూసుకోవాలి.

జీరో ఏ పవర్‌లో చేయాలి?

పై పవర్‌లో. కాగితం మీద రంధ్రాలు, గురి బాగా తెలుస్తాయి కాబట్టి.

పవర్ మారిస్తే గుండు పడే చోటు కూడా మారుతుందా?

మంచి స్కోప్‌లో మారకూడదు. నాసిరకం వాటిలో మారుతుంది. తెలుసుకోవాలంటే 100 గజాల్లో బల్ల మీద ఆనించి, ఒకే గురిబిందువు మీద 9 పవర్‌లో మూడు, బ్యారెల్ చల్లారాక 3 పవర్‌లో మూడు కాల్చండి. 3లో గుంపు కాస్త చెదరడం సహజం. గుంపు మొత్తం రెండు మూడు అంగుళాలు పక్కకి జరిగితే మాత్రం ఆ స్కోప్‌ని షాపుకి తిరిగిచ్చేయండి.

## వేట రోజున

నడుస్తున్నప్పుడు రింగు ఎక్కడ ఉంచాలి?

అన్నిటికంటే కింద. దూరంగా ఉన్న జంతువు మీకు పవర్ పెంచుకునే టైమ్ ఇస్తుంది. దగ్గరగా ఎదురుపడింది రింగు తగ్గించుకునే టైమ్ ఇవ్వదు. నేను ఆగి కూర్చున్న ప్రతిసారీ బొటనవేలితో రింగుని తడిమి చూసుకుంటాను. ఇప్పుడది అలవాటై, కూర్చున్నా లేచినా చెయ్యి దానంతటదే వెళ్తుంది. చలికి చేతి తొడుగులు వేసుకునేవాళ్లు రింగుకి చిన్న పిడి తగిలించుకుంటే తిప్పడం సులువు.

బైనాక్యులర్స్ బరువెందుకు? ఎక్కువ పవర్ స్కోప్‌తోనే వెతకొచ్చు కదా?

ఈ ప్రశ్నకి మాత్రం నాకు కోపం వస్తుంది. స్కోప్‌తో వెతకడమంటే గుండు నిండిన రైఫిల్‌ని ఏమిటో తెలియని దానివైపు గురిపెట్టడం. ఆ పొద వెనక కదిలింది ఇంకో వేటగాడు కావచ్చు. కొమ్ముకి ఎన్ని పాయలున్నాయో లెక్కపెట్టాల్సిన చోట కూడా ఆ పని 8×42 లేదా 10×42 బైనాక్యులర్స్‌ది, ఇంకా దూరమైతే స్పాటింగ్ స్కోప్‌ది (స్టాండు మీద పెట్టి చూసే దుర్బిణి). స్కోప్ కొట్టడానికే. వెతుకులాటని దాని పనుల్లోంచి తీసేస్తే, ఎక్కువ పవర్ కావాలన్న కోరిక సగం అక్కడే తీరిపోతుంది.

చలిలోంచి గుడారంలోకి రాగానే స్కోప్ అద్దాలు మసకబారుతున్నాయి. పాడైనట్టా?

పైన మాత్రమే మసకబారితే కాదు, అది గాలిలో తేమ. రైఫిల్‌ని గుడారం బయటి చలిలోనే, ఎవరి చేతికీ అందకుండా భద్రంగా ఉంచితే ఆ బాధ ఉండదు. లోపల మసకబారితే సీలు పోయినట్టే. ట్యూబ్‌లో గాలి తీసేసి నైట్రోజన్ నింపే పద్ధతిని లియుపోల్డ్ కంపెనీ 1947లో తన స్కోప్‌లకి తెచ్చింది, ఇప్పుడు అది మామూలైపోయింది. అయినా అద్దం మీద మూత వేసుకునే నడవండి. మసకబారినప్పుడు నోటితో ఊదకండి, ఇంకా పాడు చేసుకుంటారు.

గాయపడిన జంతువు పొదల్లోకి దూరింది. వెతకడానికి వెళ్లేముందు ఏం చూసుకోవాలి?

వెంటనే వెళ్లకండి. తరిమితే ఇంకా లోపలికి పోతుంది, కాబట్టి కనీసం అరగంట ఆగండి. ఆ ఆగిన సమయంలో రింగుని చివరిదాకా తగ్గించండి, తగ్గించారో లేదో అంకె చూసి రూఢి చేసుకోండి. ఇప్పుడు రాబోయే షాట్ పది పదిహేను గజాల్లో, సరిగా నిలబడే వీలు కూడా లేనిచోట ఉండొచ్చు. ఎలుగుబంటో కేప్ బఫెలోనో అయితే గైడ్ మాట వినండి. స్కోప్ తీసేయమంటే తీసేయండి, అయితే ఆ ఐరన్ సైట్స్‌ని ముందే జీరో చేసి ఉండాలి. వెళ్లేముందు జంతువు చివరగా నిలబడిన చోట చెట్టుకి ఒక గుడ్డముక్క కట్టండి. లోపలికెళ్లి వెనక్కి చూస్తే ఏ చెట్టో గుర్తుపట్టలేరు.